ఎడమ పక్క పేజీ

ఈ ఎండాకాలం మా కోడలు నన్ను మూడో క్లాసు నుంచి నాలుగో క్లాసుకు ఎత్తింది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో.

నన్ను అడిగి ఎత్తలేదు. కత్తిరి ఎండలు మొదలైన మూడో దినం, నటేశన్ నగర్‌లో మా ఇంటి తిన్నె మీద విసనకర్ర ఆడించుకుంటా కూర్చుని ఉన్నాను. జయప్రియ లావుపాటి నోటుపుస్తకం, కత్తెర, జిగురు సీసా పట్టుకొని వచ్చి నా ఎదురుగా చాప పరుచుకునింది.

"మామా, మీరు ఎన్నో క్లాసు దాకా చదివినారు?"

మూడు వేళ్ళు చూపించినాను.

"చాలు," అనింది.

నా చదువు చాలు అనిన మనిషి ఈ భూమ్మీద ఆ పిల్ల ఒకతే.

సంగతేందంటే, జయప్రియ బీఎడ్ చదవతా ఉండాది. సైన్సు టీచరు కావాలని. వాళ్ళ కాలేజీలో తిలగం మేడం అని ఒకామె. ఆమె ఈ ఏడు కొత్త పద్ధతి పెట్టింది. ఇంటరాక్టివ్ నోట్‌బుక్ అంట. కుడి పక్క పేజీలో టీచరు చెప్పే పాఠం. ఎడమ పక్క పేజీ చదువుకునేవాడిది. వాడికి తోచింది, వాడు వేసే బొమ్మ, వాడి అనుమానం, అన్నీ అక్కడ. ఎడమ పక్క రాసింది చెరపకూడదు. తర్వాత బుద్ధి మారితే, చిన్న కాయితం ముక్క మీద కొత్త మాట రాసి, పాతదాని మీద తలుపు మాదిరి అతికించాల. తలుపు ఎత్తితే లోపల పాత తెలివి కనపడాల. ఆరు వారాలు ఒక మనిషికి అట్ల పాఠం చెప్పి, ఆ నోటు తీసుకుపోయి చూపిస్తే పరీక్ష. వీధిలో పిల్లకాయలంతా సెలవలకు అవ్వల ఇండ్లకు పోయినారు. మిగిలింది నేను.

"ఆయనకా పాఠం?" లోపల నుంచి మా ఆడమనిషి అన్నమ్మాళ్ నవ్వింది. "ఆయన నోట్లో నుంచి మాట రావాలంటే మోటారు పెట్టి లాగాల!"

ఆమె అనిందాంట్లో అబద్ధం లేదు. ముప్పై నాలుగేళ్ళు నేను సారం అనే పేట తట్టు నీళ్ళ ట్యాంకు కాడ వాల్వు తిప్పే పనిలో ఉన్నాను. నీళ్ళు రాని వీధి వాళ్ళంతా బిందెలెత్తుకొని నా మీదకే వచ్చేవాళ్ళు. ఒకరికి జవాబు చెబితే పదిమంది అందుకుంటారు. నోరు మూసుకుంటే అరిచి అరిచి వాళ్ళే పోతారు. అట్ల అలవాటైపోయింది. ఇంట్లోకీ అదే వచ్చేసింది.

కానీ ఆ పిల్ల కష్టం నాకు తెలుసు. పెండ్లయిన కొత్తలో నెహ్రూ వీధిలో ఒక చీరల అంగట్లో పనికి పోతా ఉండె. పది గంటలు నిలబడి చీరలు విప్పడం, మడవడం. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు గోడకు ఆనించి పడుకునేది. పోయిన ఏడు బీఎడ్‌లో ఒక పరీక్ష తప్పింది. నా కొడుకు శిలంబరసన్ ఖండితంగా చెప్పేసినాడు: "ఈసారి పాసయితే టీచరమ్మ. తప్పితే ఆడి నెల తగ్గింపు అమ్మకాలకు ఆ అంగడికే పోవాల. ఓనరు చోటు అట్టిపెట్టి ఉండాడు."

అందుకని విసనకర్ర కింద పెట్టి, నోటు నా తట్టుకు లాక్కున్నాను.

మొదటి పాఠం చెంబు. ఫ్రిజ్‌లో పెట్టిన ఇత్తడి చెంబు తెచ్చి నా ముందర పెట్టింది. చూస్తా ఉండంగానే చెంబు ఒళ్ళంతా నీటి బొట్లు.

"ఈ నీళ్ళు బయటికి యాడనుంచి వచ్చినాయి మామా?"

"చెంబుకు చెమట," అన్నాను.

నవ్వుతాదేమో అని చూసినాను. నవ్వలేదు. "ఎడమ పక్క రాయండి," అనింది. నాకు అక్షరాలు కూడబలుక్కొని రాసేదానికి పొద్దు పోతాది. బొమ్మ వేసినాను. చెంబు, దానికి చెమట.

అన్నమ్మాళ్ వచ్చి తొంగి చూసింది. "పొద్దున్నుంచి నేను పొయ్యి కాడ కారస్తా ఉండే చెమటకు నోటు పెట్టేవాళ్ళు ఎవురూ లేరు. చెంబుకైతే బొమ్మ!"

"లోపలుండే నీళ్ళే బయటికి ఊరతా ఉండాయా మామా? ఎట్ల కనుక్కుందాం?" అని అడిగి, జవాబు చెప్పకుండా లేచి పోయింది ఆ పిల్ల. ఇది మంచి పద్ధతి కాదు. జవాబు చెప్పి పోతే మనిషి నిద్రపోతాడు.

రెండు దినాలు అదే యోచన. మూడో దినం తట్టింది. మా డిపార్టుమెంటులో పైపు యాడ కారతా ఉండాదో తెలవకపోతే ఒక కొస రంగు పోసి, రంగు యాడ తేలుతాదో చూసేవాళ్ళం. పూజ గూట్లో అన్నమ్మాళ్ కుంకం డబ్బా ఉండె. నిండు డబ్బా. తీసుకుపోయి చెంబులో కలిపి ఫ్రిజ్‌లో పెట్టేసినాను. ఎవురికీ చెప్పలేదు. నేనెప్పుడు చెప్పినాను?

మధ్యాన్నం ఎండలో డ్యూటీ నుంచి వచ్చిన నా కొడుకు ఫ్రిజ్ తెరిచి, చెంబులోది గ్లాసులో పోసుకొని, ఎర్రగా ఉంటే రోజ్‌మిల్క్ అనుకొని ఒక్క గుక్కలో సగం తాగేసినాడు.

ఆ తర్వాత ఇంట్లో ఏమేమి మాటలు పుట్టినాయో నేను రాయను. అన్నమ్మాళ్ గూట్లో ఖాళీ డబ్బా చూసింది, కొడుకు ఎర్ర నాలుక చూసింది, నన్ను చూసింది. "అమ్మోరి కుంకమయ్యా! అమ్మోరి కుంకం వాడి కడుపులోకి పోయింది!" వాడు వాకిట్లో ఉమ్మతా ఉండాడు. నేను మాత్రం మిగిలిన సగం చెంబును తిన్నె మీద పెట్టుకొని, బయట బొట్లు పడేదాకా కూర్చుని, నా తెల్ల బనియన్ విప్పి దాంతో చెంబు తుడిచినాను. బనియన్ తడిసింది. కానీ తెల్లగానే ఉండాది.

బనియన్ తీసుకుపోయి జయప్రియకు చూపించినాను.

"ఇదీ మామా!" అని ఆ పిల్ల ఎగిరి గంతేసింది. "ఇదీ కావాల్సింది!"

"బనియనా?" అనింది అన్నమ్మాళ్.

నా చెమట బొమ్మ మీద మొదటి తలుపు ఆ దినం పడింది. దాని మీద 'ఎరుపు రాలేదు. లోపలి నీళ్ళు కాదు' అని నేనే రాసినాను. మరి యాడివి అంటే మళ్ళీ చెప్పదు. నాలుగు దినాలు విసనకర్ర ఆడిస్తా ఆడిస్తా ఉండి, చేతిలో ఉండే విసనకర్రను చూసి, "గాలి," అన్నాను. గాల్లో ఉండే తడి. చల్లని చెంబుకు తగిలి నీళ్ళయింది. అప్పుడు కుడి పక్క పేజీ తెరిచి ఆ పిల్ల పాఠం చెప్పింది. అప్పటికి నాకు సగం తెలిసిపోయి ఉండె.

ఆరు వారాల్లో పదకొండు తలుపులు పడినాయి. అంటే పదకొండు తప్పులు. దూది కంటే ఇనుము తొందరగా కింద పడతాదన్నాను. పలక పడినంత తొందరగా కాయితం ఎందుకు పడదో తెలవక, కాయితాన్ని ఉండ చుట్టి పలకతో పాటు మిద్దె మీద నుంచి వేసి, కిందపోయే పాలాయన నెత్తిన పలక పడేట్టు చేసినాను. చాప కంటే వట్టి నేల చల్లగా ఉంటాదన్నాను. నోటు లావెక్కి, తలుపులు ఎగదన్ని, మూత పడకుండా అయిపోయింది. రబ్బరు బ్యాండు వేసి పెట్టేది.

పరీక్ష వారం దినాలుందనంగా జయప్రియ వాళ్ళమ్మకు ఒళ్ళు బాగాలేదని పుట్టింటికి పోయింది. నోటు అలమారులో ఉండె. అన్నమ్మాళ్ దాన్ని తీసి, ఒక్కో తలుపు ఎత్తి ఎత్తి చూసింది.

"ఏమయ్యా, ఇదంతా తప్పులే కదా?"

తలూపినాను.

"తప్పుల నోటుకు మార్కులు ఎవురేస్తారు? అన్నీ నీ తప్పులే. పాపం, బంగారం మాదిరి పిల్ల. నీ పుణ్యాన మళ్ళీ చీరలు మడవను పోతాది."

అంతే అనింది. అని పోయి చింతపండు నానబెట్టుకునింది. ఆ మాట మాత్రం నాకు పాత సంగతి ఒకటి గుర్తుకు తెచ్చింది.

ట్యాంకు కాడ నాకొక రిజిస్టరు ఉండేది. ఎన్ని గంటలకు వాల్వు తిప్పినాను, నీళ్ళు ఎంత ఎత్తున ఉండాయి అని రాసేది. తుప్పు చేతులతో రాస్తే మరకలు, కొట్టివేతలు. ఒకసారి పెద్ద ఇంజినీరు తనిఖీకి వచ్చి ఆ కొట్టివేతలు చూసి మెమో ఇచ్చినాడు. అప్పటినుంచి తనిఖీ వస్తా ఉండాదంటే క్లర్కు అణ్ణాదురై పాత రిజిస్టరు తీసుకొని, కొత్తదాంట్లో కొట్టివేతలు లేకుండా శుభ్రంగా ఫెయిరు రాసి ఇచ్చేవాడు. తప్పేమీ లేని రిజిస్టరు. ఇంజినీరు చూసేవాడు, సంతకం పెట్టేవాడు, పోయేవాడు. ఎవురి ఉద్యోగానికీ ముప్పు లేదు.

మరుసటి దినం నోటును సంచిలో వేసుకొని సారంలో రంగరాజన్ జిరాక్స్ అంగడికి పోయినాను. ఇంజినీరింగు పిల్లకాయలకు రికార్డులు రాసిపెట్టేది అతనే. ముత్యాల మాదిరి అక్షరం.

రంగరాజన్ నోటు తిప్పి చూసినాడు. "తాతా, ఉండేది ఉన్నట్టు రాసేదా, తప్పులు సరిచేసి రాసేదా?"

"సరిచేసి."

"ఈ తలుపులు?"

"వద్దు."

ఆ ఎండాకాలమంతా నేను మాట్లాడిన మాటల్లో ఆ రెండే ఎక్కువైపోయినాయి.

మూడు దినాల్లో ఇచ్చినాడు. ఎంత బాగుండాదని! నల్ల అట్ట, లోపల నీలం ఇంకు, స్కేలు పెట్టి గీసిన చెంబు. చెంబుకు చెమట లేదు. 'గాలిలోని నీటి ఆవిరి' అని కింద అచ్చు మాదిరి. పాతది అతని దగ్గరే వదిలి, కొత్తది ఇంటికి తెచ్చి నాలుగు మూలలా పసుపు పెట్టి అలమారులో పెట్టినాను. ఒక మంచి పని చేసినానని నాకు ఎంత నెమ్మదిగా ఉండిందో చెప్పలేను. అన్నమ్మాళ్ కూడా చూసి, "ముందే చేసుంటే నా కుంకం మిగిలేది," అనింది. ఆమె మెచ్చుకోలు అట్లే ఉంటాది.

పరీక్షకు ముందు దినం పొద్దున జయప్రియ వచ్చింది. సంచి కింద పెట్టి నేరుగా అలమారు తెరిచింది.

"మామా, ఇది ఎవురి నోటు?"

"నీదే."

పేజీలు తిప్పింది. నిదానంగా తిప్పింది. చివరిదాకా పోయి, మళ్ళీ మొదటికి వచ్చింది. ఇప్పుడు నవ్వుతాది, ఇప్పుడు నవ్వుతాది అని చూస్తా ఉన్నాను.

"మీరు యాడ మామా, దీంట్లో?"

నాకు అర్థం కాలేదు. ఎడమ పేజీ మీద చెయ్యి పెట్టి చూపించింది. "మీరు. మీరు యాడ ఉండారు? దీంట్లో ఉండేదంతా పుస్తకంలో ఉండేదే. పుస్తకం వాళ్ళ దగ్గరా ఉండాది. వాళ్ళు చూసేది మీ తప్పునే మామా. ఆ తప్పులో నుంచి మీరు ఎట్ల బయటికొచ్చినారో, దాన్నే."

అరిచింటే బాగుండేది. అరుపులకు నేను అలవాటు పడినవాణ్ణి. ఆ పిల్ల అరవలేదు. నోటు మూసి, దాని మీద పసుపు బొట్టు చూసి, "పసుపు కూడా పెట్టినారే," అని మెల్లగా అనింది.

చెప్పులేసుకొని సారానికి పోయినాను. బస్సు కోసం కూడా నిలబడలేదు.

"పాత నోటా?" అన్నాడు రంగరాజన్. "ఫెయిరు రాసినాక రఫ్ ఎవురూ అడగరు తాతా. పక్క టీ అంగడి కేశవన్‌కు ఇచ్చేసినాను."

కేశవన్ అంగట్లో వడలు చుట్టి ఇచ్చే కాయితాలు మేకుకు గుచ్చి ఉండాయి. వాటిల్లో నా నోటు కాయితం ఒకటే మిగిలింది. దాన్ని పీక్కుంటా ఉంటే, బెంచీ మీద కూర్చున్న ఒకాయన చేతిలో మసాలవడ కింద నా చెంబు కనపడింది. చెమటతో సహా. పోయి కాయితం పట్టుకొని లాగినాను. వడ కింద పడింది.

"ఏం పెద్దాయనా, వడ కావాలంటే అడగరాదా?"

మొదటిసారి, జవాబు చెబితే బాగుండునే అనిపించింది.

రెండు కాయితాలు తెచ్చి జయప్రియ చేతిలో పెట్టి, "నేనే," అన్నాను. అంతకంటే పెద్ద మాట నా దగ్గర లేదు. ఆ పిల్ల చెంబు బొమ్మ మీద నూనె మరకను పమిట కొసతో అద్దింది. తర్వాత ఫోను తీసి తిలగం మేడానికి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. అవతల నుంచి మేడం గొంతు నాకు వినపడింది: "నోటు లేకపోతే పోనీ. స్టూడెంటు ఉండాడు కదా. పిలుచుకొని రా."

అన్నమ్మాళ్ నెత్తిన చెయ్యి పెట్టుకునింది. "ఈయన్నా! అక్కడ మాట్లాడాలనా! నువ్వు అంగడి ఓనరుకు ఇప్పుడే ఫోను చెయ్యి తాయీ."

మరుసటి దినం ముగ్గురం కాలేజీకి పోయినాం. నేను రిటైరైన దినం తొడిగిన చొక్కా తొడిగినాను. గదిలో తిలగం మేడం, పక్కన బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి నరేంద్రన్ సార్. వెనక బెంచీల్లో జయప్రియ తోటి పిల్లలు. మా ఇంటామె రాకూడదంటే కూడా వచ్చి చివరి బెంచీలో కూర్చునింది.

నరేంద్రన్ సార్ ఫెయిరు నోటు తిప్పి పక్కన పెట్టేసినాడు. నూనె కాయితం ఎత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏంది ఇది?"

"వడ, సార్," అన్నాను.

పిల్లలు నవ్వినారు. సార్ నవ్వలేదు. "ఈ చెంబు బొమ్మ మీదేనా? చెమట అని ఎందుకు అనుకున్నారు?"

గదంతా చూస్తా ఉండాది. బిందెలెత్తుకొని ఒక వీధి మొత్తం వచ్చి ఎదుట నిలబడినట్టే ఉండె. ఊరుకుంటే వాళ్ళే పోతారని లోపల అలవాటు చెప్తా ఉండాది. జయప్రియ వైపు చూసినాను. ఆ పిల్ల మాట అందివ్వలేదు, కంటి సైగ కూడా చెయ్యలేదు. బల్ల మీద చేతులు పెట్టుకొని ఉండాది. ఆ వేళ్ళు, బల్ల మీద గుడ్డను తనకు తెలవకుండానే మడవతా ఉండాయి. కొస కొసా కలిపి, చీర మడిచినట్టు.

"మండే ఎండలో మనిషికి పోస్తే చెంబుకు పొయ్యదా అనుకున్నాను సార్," అన్నాను.

తర్వాత ఏమైందో నాకే తెలవదు. వాల్వు తుప్పు పట్టి ఉంటే మొదటి చుట్టే కష్టం, ఆనక తనే తిరగతాది. అట్ల అయింది. కుంకం చెప్పినాను. రోజ్‌మిల్క్ చెప్పినాను. బనియన్, పాలాయన నెత్తి, అన్నీ. పదకొండు తలుపులూ, నోటు లేకుండానే, ఒకదాని వెనక ఒకటి ఎత్తి లోపల ఏముండిందో, మీద ఏమి అతికించినానో చెప్పినాను. గోడ గడియారంలో అర్ధగంట పోయింది. చివరి బెంచీలో అన్నమ్మాళ్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండాది.

"పెద్దాయనా," అన్నాడు నరేంద్రన్ సార్, "ఈ నోటులో లేనిది, ఇంకేమైనా అడగాలని ఉండాదా?"

ఉండాది. ముప్పై ఏళ్ళుగా ఉండాది.

"ట్యాంకు కాడ వాల్వు పక్కన ఒక ఇనప రాడ్డు నాటి ఉండె సార్. ఏప్రిల్‌లో, చిత్తిరి నెల మొదట్లో ఒక దినం, మధ్యాన్నం ఎర్రటి ఎండలో, దానికి నీడ లేదు. నా కండ్లే పోయినాయనుకున్నాను. కన్నాసుపత్రికి పోయి చూపించుకుంటే ఏమీ లేదన్నారు. మళ్ళీ ఏడు అదే నెలలో అదే మాదిరి. ఎవురికీ చెప్పలేదు. ఎందుకు సార్?"

"అందుకా కన్నాసుపత్రికి పోయింది!" అన్నమ్మాళ్ బెంచీ మీద నుంచి లేచేసింది. "నేను ఇన్నేళ్ళూ నర్సును చూసేదానికి పోయినావనుకుంటి కదయ్యా!"

గది గొల్లుమనింది. తిలగం మేడం కండ్లద్దాలు తీసి తుడుచుకునింది.

"మీ స్టూడెంటు అడిగినాడమ్మా," అన్నాడు సార్ జయప్రియతో. "జవాబు చెప్పు."

ఆ పిల్లకు జవాబు తెలుసు. మొగం చూస్తే తెలిసిపోతాది. కానీ నా తట్టు తిరిగింది.

"మామా, ఆ దినం సూర్యుడు యాడ ఉండినాడు?"

"నడి నెత్తిన."

"ఆ తర్వాత దినాల్లో రాడ్డు నీడ ఏ పక్క పడె?"

"దక్షిణానికి. అంతకుముందు ఉత్తరానికి పడేది."

"అంటే సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి పోయినాడు. పోయినవాడు తిరిగి రాడా? వచ్చేటప్పుడు మళ్ళీ నెత్తి మీదకు రావాల కదా?"

యోచన చేసినాను. "రాడు. ముప్పై నాలుగేళ్ళలో రెండోసారి చూడలేదు."

"అట్లయితే రాయండి," అని తెల్ల కాయితం నా ముందరకు జరిపింది.

'మళ్ళీ రాడు' అని రాసినాను. పెద్ద అక్షరాలతో. నరేంద్రన్ సార్ ఆమెను ఇంకేమీ అడగలేదు. తన కాయితం మీద ఏందో రాసుకొని, కలానికి మూత పెట్టి, "తర్వాత?" అని ఇంకో పిల్లను పిలిచినాడు.

ఆడి నెల మొదట్లో చీరల అంగడి ఓనరు ఫోను చేసినాడు. జయప్రియ దోసె తిప్పతా, "రాను సార్, నాకు పాఠం ఉండాది," అని పెట్టేసింది. శిలంబరసన్ రెండో దోసె అడిగినాడు. ఇంకేమీ అడగలేదు.

ఆ నెల కొసన వీరాంపట్టినం అమ్మోరి తేరు తిరునాళ్ళు. అన్నమ్మాళ్ పుట్టిల్లు అక్కడే. పనిలో ఉన్నన్నాళ్ళూ ఏటా తేరు నుంచి, తర్వాత వచ్చే ఆవణి నెల మొదటి వారం దాటేదాకా, పదైదు దినాలు సెలవు పెట్టి అత్తగారింట్లో కూర్చునేవాణ్ణి. వాల్వు వేరే మనిషి తిప్పేవాడు. ఈసారి తేరు చూసి మరుసటి దినమే తిరిగి వచ్చేయాలనింది కోడలు. మా ఇంటామె మూతి ముడుచుకునింది గానీ వచ్చింది.

ఆడి అయిపోయి ఆవణి వచ్చినాక, మొదటి వారంలో ఒక దినం, ఎండ బాగా కాసింది. మిద్దె మీద సున్నపు డబ్బాలో మట్టి పోసి నాటిన రాడ్డు చుట్టూ నలుగురం నిలబడినాం. శిలంబరసన్ కూడా డ్యూటీకి ఆలస్యంగా పోతానని నిలబడినాడు. నీడ మూరెడైంది, జానెడైంది, బెత్తెడైంది. పన్నెండు దాటి పావుగంట అయ్యేతలికి రాడ్డు మొదట్లోకి పోయి దూరుకునింది. లేదు.

మాట్లాడకుండా ఉండేది నాకు అలవాటే గానీ, ఈసారి నలుగురమూ కలిసి అట్ల ఉండినాం.

"నాకూ కనపడలేదే," అనింది అన్నమ్మాళ్ మెల్లగా. "అందరమూ పోదామా, ఆసుపత్రికి?"

జయప్రియ కొత్త నోటు తెరిచి నా ముందర పట్టింది. ఆ దినం పరీక్షలో నేను రాసిన కాయితం ఎడమ పక్క అతికించి ఉండాది. వీరాంపట్టినంలో కూర్చున్న ఆ పదైదు దినాలన్నీ లెక్కకొచ్చినాయి నాకు. కత్తెర తీసుకొని ఒక ముక్క కత్తిరించి, 'వస్తాడు. నేనే ఊర్లో లేను' అని రాసినాను.

రాసి, 'మళ్ళీ రాడు' మీద అతికించినాను. ఒక అంచుకే జిగురు పూసినాను, ఎత్తి చూసేవాళ్ళకు అడుగున ఉండేది కనపడాల కదా.